తెలుగు చదవగల మనిషి కావాలట

ఫిబ్రవరి 9

ఇవాళే రాయాలి. రేపటికి నేను మారిపోతాను, నా సంగతి నాకు తెలుసు. మధ్యాహ్నం మీటింగులో విన్నదానికి మెట్రో దిగి జియా సరాయ్‌లో నా గది చేరేలోపే సగం సాకులు తయారు చేసుకున్నాను. మేడమ్ ఉద్దేశం వేరే అయి ఉంటుంది... పెద్ద పరిశోధనల్లో ఇవన్నీ మామూలే... నాకు అర్థం కాలేదేమో... ఇంకో రెండు రోజులు ఆగితే ఆ సాకులను పూర్తిగా నమ్మేస్తాను. నమ్మకముందే రాసిపెట్టుకుంటున్నాను.

విన్నది ఇది. ఎన్నికల తర్వాత మేం బస్తీ ఆడవాళ్ళతో చేసిన సర్వే జవాబులను 'పార్ట్‌నర్'కి ఇస్తారు. ఏ ఇంటి ఆడమనిషి ఎవరికి ఓటు వేసిందో, ఇంటింటి లెక్కన. పార్ట్‌నర్ అంటే పార్టీలకు ఎన్నికల పని చేసిపెట్టే కంపెనీ. వాళ్ళ తరఫున వచ్చినవాడి పేరు వరుణ్. టీలో బిస్కట్ ముంచుకుంటూ అన్నాడు — "ఇంటి దాకా దిగకపోతే మాకు పనికిరాదు మేడమ్."

నందితా మేడమ్ తల ఊపారు. నా పీహెచ్‌డీ గైడు. ఎం.ఏ.లో ఈవిడ రాసింది చదివే ఢిల్లీ రావాలనుకున్నాను. ఓటరును అవమానించకుండా ఎలా అర్థం చేసుకోవాలో రాసిన మనిషి. బిస్కట్ల ప్లేటు వాడి వైపు జరిపారు.

గదికొచ్చి రెండుసార్లు నోరు కడుక్కున్నాను. ఆ బిస్కట్ నేనూ తిన్నాను.

ఫిబ్రవరి 10

తప్పు ఎక్కడ మొదలైందో వరసగా రాసుకుని చూస్తాను.

ఎవరికి ఓటేశారని మేం నోటితో అడగం. చిన్న కాగితం ఇస్తాం, నమూనా బ్యాలెట్. గుర్తులన్నీ వరసగా ఉంటాయి. మేం అటు తిరిగి నిలబడతాం. ఆవిడ టిక్కు పెట్టి, మడిచి, డబ్బాలో వేస్తుంది. నిజం పోలింగులాగే.

కాగితం వెనక మూలన పెన్సిల్‌తో ఒక నంబరు ఉంటుంది. ప్రశ్నల కాగితం మీదా అదే నంబరు. వయసు, చదువు, పని, కులం — వీటితో ఓటును కలిపి చూడాలంటే ఆ నంబరు లేకుండా కుదరదు. అందరూ చేసేదే. ట్రైనింగులో చెప్పారు: "నంబరు ముందే వేసుకుని వెళ్ళండి. వాళ్ళ ఎదుట వేస్తే భయపడతారు." నేను నోట్సు రాసుకున్నాను. 'ముందే' కింద గీత కూడా గీశాను.

భయపడతారు కాబట్టి చెప్పొద్దు. ఈ వాక్యం అప్పుడు నాకు మామూలు వాక్యంలాగే వినిపించింది.

పేర్లు రాయం. గుడిసెలకు నంబర్లు లేవు. రెండో విడత మళ్ళీ అదే ఇంటికి వెళ్ళాలి కాబట్టి ఇల్లు దొరికేలా ఏదైనా గుర్తు రాయమన్నారు. మిగతావాళ్ళు 'గల్లీ మూడు, ఎడమ వైపు' అని రాసి చేతులు దులుపుకున్నారు. నేను ప్రతి కాగితం అంచునా రాశాను. నిలబడి గబగబా రాయాలి కాబట్టి తెలుగులో. 'నీలం తలుపు, గడప పక్కనే కుళాయి.' 'ఎల్లమ్మ గద్దె దాటాక మొదటిది, రేకుల మీద పాత టైరు.' 'తలుపు లేదు, చీర కట్టారు, కుంటి కుక్క.' ఎవరూ అడగని శ్రద్ధ. మొదటి బెంచీలో కూర్చునే పిల్ల శ్రద్ధ.

బస్తీ మొత్తంలో ఇల్లు పట్టుకోగలిగేది ఆ ఒక్క గల్లీలోనే. నేను సర్వే చేసిన గల్లీలో.

ఫిబ్రవరి 11

పరాఠా సగం వదిలేశాను. నా గది పంచుకునే కీర్తన అడిగింది, "మొహం ఏంటక్కా అట్టా ఉంది?" ఎండ లేదు అన్నాను.

ఫిబ్రవరి 12

సర్వే రోజు ఆ గల్లీలో యాదమ్మ పెద్దమ్మ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి.

ఆ గల్లీ అంతా మా పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. పెద్దవాళ్ళ మాట ఇప్పటికీ మా అమ్మ మాటే. పిల్లలకు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో. మిగతావాళ్ళు వెళ్తే తలుపు సందులోంచి మాట్లాడిన గల్లీ, నేను డబ్బా పట్టుకుని నిలబడగానే "ఏ ఊరు బిడ్డా నీది?" అంది. ఊరు చెప్పాను. యాదమ్మ పెద్దమ్మ కోడలు రేఖను కేకేసి చాయ్ పెట్టమంది.

కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూసింది.

"ఇది ప్రధాన్‌కు తెలుస్తదా?"

"తెలవదు పెద్దమ్మా. పేరు ఏడ గూడ రాయం."

ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. "ఒట్టెయ్యమంటవా?" అని నేనే అడిగాను.

నవ్వింది. పళ్ళు ఊడిన పక్క కనిపించేలా. "ఒట్టొద్దు తియ్యి. ఒట్టు సంగతి మాకెర్క లేదా?"

అప్పుడు చెప్పింది. ప్రధాన్ బస్తీకి పెద్ద. నీళ్ళ ట్యాంకర్ ఏ గల్లీలో ఎంతసేపు ఆగాలి, పక్కా ఇళ్ళకు ఎవరి పేరు రాసి పంపాలి, అన్నీ అతని చేతిలోవే. పోలింగుకు ముందు ఆడవాళ్ళనందరినీ ఎల్లమ్మ గద్దె దగ్గరికి పిలిచాడు. పసుపు నీళ్ళల్లో చెయ్యి ముంచి తన పార్టీకే వేస్తామని ఒట్టు పెట్టమన్నాడు.

"వాడు కసం ఖావో అన్నడు. మేము తెలుగుల తిన్నం కసం. 'తల్లీ, వీని నోట్లె మన్నువడ, మా ఓటు మా ఇష్టం' అన్న నేను. నా ఎనక అందరు గదే అన్నరు. వాడు షాబాష్ అన్నడు."

రేఖ గోడకు ఆనుకుని నవ్వు ఆపుకోలేకపోయింది. "దీదీ, అమ్మాజీ నే గాలీ భీ దీ థీ!" ఇంకా పెద్ద తిట్టే తిట్టిందట, రేఖ అది నోటితో చెప్పనంది.

నేను అటు తిరిగాను. ఆవిడ టిక్కు పెట్టి, మడిచి, డబ్బాలో వేసింది.

"ఎవలకు చెప్పవు గద?"

"చెప్పను."

నంబరు అప్పటికే వెనక ఉంది.

ఫిబ్రవరి 14

ఇళ్ళ లెక్క ఎందుకివ్వాలని మేడమ్‌ను అడిగాను. ఆవిడ గదిలో హీటరు, గోడల నిండా ఆడవాళ్ళ ఊరేగింపు పోస్టర్లు. నేత చీర, పెద్ద బొట్టు. ఎప్పటిలాగే కూర్చోమన్నారు. కమలాపండు ఒలిచి సగం నాకిచ్చారు. ఆవిడ చెడ్డగా మాట్లాడి ఉంటే ఎంత హాయిగా ఉండేదో.

ఆవిడ అన్నవి వరసగా రాస్తున్నాను. "స్వరూపా, నువ్వు మరీ అక్షరం అక్షరం పట్టుకుంటావు."

"పేర్లు ఇవ్వడం లేదు కదా. తలుపులే కదా."

"ఈ డబ్బుతో రేపు నీలాంటి పదిమంది అమ్మాయిలు ఫీల్డుకి వెళ్తారు. అది ఆలోచించు."

"నువ్వు వాళ్ళలోంచి వచ్చినదానివి. అదే నీ బలం. నువ్వు లేకపోతే ఆ గల్లీ మనకు తెరుచుకునేదే కాదు."

ఇంగ్లీషులో విన్నప్పుడు మెచ్చుకోలులా ఉంది. తెలుగులో రాసి చూస్తే చేతికి ఏదో అంటినట్టుంది.

ఆ ఇళ్ళ లెక్క ప్రధాన్ పార్టీకి వెళ్తుంది కదా మేడమ్, అన్నాను. కంపెనీ అందరికీ పనిచేస్తుంది, అన్నారు. ఇప్పుడు ఎవరికి పనిచేస్తోంది? "అది మన విషయం కాదు."

తలుపు వెనక మనిషి ఉంటుంది మేడమ్. ఈ మాట నాకు మెట్లు దిగాక వచ్చింది. ఎప్పుడూ అంతే.

ఫిబ్రవరి 16

వరుణ్ ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. బస్తీ మ్యాపు. మిగతా గల్లీలన్నీ గుండుగుత్తగా ఒక్కో రంగు పూసినట్టున్నాయి. మా తెలుగు గల్లీ బూడిద రంగు.

"ఇది బంగారం దీదీ. ఒక్కో ఇల్లూ దొరుకుతుంది ఇందులో. కానీ ఆ అంచున రాసింది ఎవరికీ అర్థం కావట్లేదు." స్కాన్ చేసిన నా కాగితం పెద్దది చేసి పెట్టాడు. నా 'కుంటి కుక్క' తెర అంతా నిండింది. వాడికి అది పురుగులు పాకినట్టు కనిపిస్తోందట. అని నవ్వాడు. చుట్టుపక్కల వాళ్ళూ నవ్వారు. మేడమ్ కొంచెం.

నెలాఖరులోపు ఆ రాతలన్నీ ఇంగ్లీషులోకి మార్చి ఇవ్వాలట. "నీకు గంట పని." ముందు ఈ గల్లీ మీద చేసి చూస్తారట, తర్వాత ఊరంతా.

వాడు వాళ్ళను ఆడవాళ్ళు అనడు. 'సెగ్మెంట్' అంటాడు. మధ్యాహ్నం భోజనంలో రాజ్మా పక్కకు నెట్టాను.

ఫిబ్రవరి 18

అమ్మ ఫోను. నా ఉద్యోగం ఏమిటో ఆమెకు ఇప్పటికీ నమ్మకంగా తెలియదు.

"ఓట్లు అయిపొయినయి గద బిడ్డా. ఇంకా నీకేం పని?"

ఎవరెందుకు వేశారో తెలుసుకునే పని అమ్మా.

"అడిగితె చెప్తరా? నేనైతె సచ్చిన చెప్ప. మీ నాయినకే చెప్పలె ఇంతదన్క. ఆయన మస్తుసార్లు అడిగిండు."

మరి నాకు చెప్తావా?

"నువ్వెవలు నాకు? సర్పంచువా?" నవ్వింది. తర్వాత, "గా పెద్ద మేడం మంచిగనే చూసుకుంటుందా నిన్ను?"

మంచిగనే చూసుకుంటుంది, అన్నాను. అబద్ధం కూడా కాదు.

మా ఇంట్లో బడి మెట్టెక్కినది నేనొక్కదాన్నే. వేలిముద్ర వేసే మనుషులు నోరు మూసుకుని దాచుకున్నదాన్ని, చదువుకున్న నేను వెళ్ళి తీసుకొచ్చాను. మా అమ్మ ఆ గల్లీలో ఉండి ఉంటే ఆమె కాగితం వెనకా నంబరు వేసి ఉండేదాన్ని. చక్కటి అక్షరాలతో.

ఫిబ్రవరి 20

ఆ రాతలు ఇంగ్లీషులోకి మార్చనని మేడమ్‌కు చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను.

కోప్పడలేదు. "ఓకే. నువ్వు అలిసిపోయావు. ముఖర్జీ నగర్ కోచింగ్ సెంటర్ల నిండా తెలుగు పిల్లలే కదా, ఎవరో ఒకరు చదివిపెడతారు."

అంతే. నేను పెద్ద గోడలా అడ్డం నిలబడ్డాననుకున్నాను. పక్కనే దారి ఉంది.

వచ్చేస్తుంటే నా ఫెలోషిప్ పొడిగింపు ఫారం ఆవిడ టేబుల్ మీద కనిపించింది. సంతకం కావాలి. "అది తర్వాత చూద్దాంలే," అన్నారు. బెదిరింపు కాదు. ఆవిడ ఎవరినీ బెదిరించరు. ఫైలు కొంచెం పక్కకు జరిపారు, అంతే.

ఫిబ్రవరి 21

కాగితాలు తగలబెడదామా అని కూడా అనుకున్నాను. స్కాన్లు ఎప్పుడో అయిపోయాయి. నేనే దగ్గరుండి చేయించాను.

ఫిబ్రవరి 22

కీర్తన గుంటూరు పిల్ల, సివిల్స్‌కి చదువుతోంది. పొద్దున డాబా మీద జుట్టు ఆరబెట్టుకుంటూ ఫోను చూపించింది. ఢిల్లీ తెలుగు విద్యార్థుల గ్రూపు. 'తెలుగు చదవగల మనిషి కావాలి. చేతిరాత. రెండు రోజుల పని. మార్చి 9 నుంచి. లంచ్ ఇస్తారు.'

"ఇది మీ ఆఫీసు అడ్రసే కదక్కా? ఎవరిదీ చేతిరాత?"

"నాదే."

"నీ రాత చదవటానికి మనిషిని పెడుతున్నారా? అంత ఘోరమా? మందులషాపు వాణ్ణి పిలిపించుకోమను."

చెప్పాను. అంతా. నవ్వు ఆపి విన్నది. తర్వాత దువ్వెన పక్కన పెట్టి, "అయితే నే వెళ్తా," అంది. "నీలం తలుపుని పచ్చ తలుపంటా. కుక్కని మేకంటా. ఎవడొచ్చి చూడొచ్చాడు? లంచ్ కూడా తినొస్తా."

ఒక్క నిమిషం... ఎంత బాగుందనిపించిందో ఆ ఒక్క నిమిషం.

"వద్దు."

"ఎందుకొద్దు?"

"పచ్చ తలుపు వెనక కూడా ఎవరో ఒకరు ఉంటారు కీర్తనా. వాళ్ళు ప్రధాన్‌కే వేసి ఉంటారు. అయినా వాళ్ళ మీద పడతాడు."

"అబ్బా! ఎథిక్స్ పేపరు నువ్వు రాయాల్సింది, నేను కాదు." లేచింది. రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగింది. "వాళ్ళకేమన్నా అయినా పర్లేదు, నీ చేతికి మసి అంటకూడదు. అంతేగా?"

అంతేనేమో అని భయం.

ఫిబ్రవరి 23

కీర్తన మాట్లాడటం లేదు. ఉప్మా మాత్రం మూతపెట్టి ఉంచింది. గ్రూపులో 'నేను వస్తాను' అని అప్పటికే చాలామంది పెట్టారు. బొటనవేళ్ళ బొమ్మలు, నమస్కారం బొమ్మలు. మంచి పిల్లలే అయి ఉంటారు. నీలం తలుపును బ్లూ డోర్ అని రాసి, పప్పన్నం తిని వెళ్ళిపోతారు.

ఫిబ్రవరి 25

బస్తీకి వెళ్ళాను. చెప్పడానికే.

ఆడవాళ్ళు డ్రమ్ములు, బిందెలు వరసపెట్టి ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్నారు. నన్ను చూసి యాదమ్మ పెద్దమ్మ పక్కనున్న డ్రమ్ము బోర్లించి కూర్చోమంది. కూర్చోలేదు.

"పెద్దమ్మా, ఆ రోజు డబ్బల ఏసిన కాయితం ఎనక నంబరు ఉండె."

అర్థం కాలేదు ఎవరికీ. మళ్ళీ చెప్పాను. నంబరు ఎందుకో, ఇంటి గుర్తు ఎక్కడ రాశానో, రెండూ కలిస్తే ఏమవుతుందో, ఎవరి చేతికి పోతోందో. అంత చిన్న సంగతి చెప్పడానికి ఎన్ని మాటలు పట్టాయో. ముందు రేఖ మొహం మారింది. "మత్లబ్... పతా చల్ జాయేగా?" తెలిసిపోతుందా అని. అవునన్నాను.

యాదమ్మ పెద్దమ్మ నన్నే చూస్తోంది. "నంబరు ఏడ ఏసినవు? ఈడ ఏసినవా, ఏసుకొనే అచ్చినవా?"

"ఏసుకొనే అచ్చిన."

"చాయ్ తాక్కుంట గూడ చెప్పకపోతివి."

ఎదురింటి బాలమణి బిందె కింద పెట్టింది. గట్టి గొంతు. "దీనికన్న ప్రధానే నయం. ఏం గావాల్నో ముంగటనే చెప్పిండు వాడు. పసుపు నీళ్ళల్ల చెయ్యి పెట్టిచ్చిండు, తిట్లు తిన్నడు, పోయిండు. ఈమె చూడు, పెద్దమ్మా పెద్దమ్మా అనుకుంట..."

వరుణ్ మీద, మేడమ్ మీద ఇన్ని రోజులుగా పెంచుకున్న రోతంతా తిరిగి నా ఒంటి మీద పడ్డట్టయింది.

జవాబులు వెనక్కి తీసుకోవచ్చని చెప్పాను. అలా అడిగే హక్కు సర్వేలో ప్రతి మనిషికీ ఉంది, గల్లీ మొత్తం కాగితాలు తీసేయమనొచ్చు, రూలు ఉంది.

"ఏసిన ఓటు వాపస్ తీస్కున్నోళ్ళు ఏడనన్న ఉన్నరానే?" ఎవరో అన్నారు. నవ్వారు. నన్ను చూసే నవ్వారు.

"వాపస్ అడిగితె ఏదో తప్పు చేసినమని మనమే చెప్పినట్టు గాదా?" బాలమణి. "నేనైతె వానికే ఏసిన. నాకేం బుగులు? నా కాయితం ఉండనియ్యి." అందరూ ఆమె వైపు చూశారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. నిజంగా అతనికే వేసిందో, గల్లీలో వినబడాలని అందో, తెలియదు. నాకు తెలుసుకునే దారి ఉంది. ఆ నంబరు నేను చూడను.

ట్యాంకర్ హారన్. అందరూ పరిగెత్తారు. పైపు కోసం ఎప్పటిలాగే తోపులాట. యాదమ్మ పెద్దమ్మ వెనక్కి తిరిగి, "మాట్లాడుకుంటం. నువ్వు పో," అంది.

బిడ్డా అనలేదు.

ఫిబ్రవరి 27

కబురు లేదు. ఆఫీసులో వరుణ్ అందరికీ సమోసాలు తెప్పించాడు. ఆకలేసింది, తిన్నాను. రెండోది కూడా. చట్నీ వేళ్ళకంటింది, సబ్బుతో కడిగినా వాసన పోవడం లేదు.

ఫిబ్రవరి 28

కీర్తన మాట్లాడింది. "వెళ్ళి చెప్పొచ్చావా? నిజంగానా? తిట్టారా?"

తిట్టారు.

"మంచిపని చేశారు." నా కంచంలో గోంగూర వేసింది. ఇంటినుంచి వచ్చిన సీసాలో చివరిది.

మార్చి 1

రేఖ ఫోనులో మాట రికార్డు చేసి పంపింది. మొదట రేఖ, హిందీలో, గబగబా. తర్వాత వెనక నుంచి యాదమ్మ పెద్దమ్మ, ఫోను నోట్లో పెట్టుకున్నంత దగ్గరగా.

"ఇనవడుతుందా... గల్లీ అంత అడగమన్నరు. పేర్లు రాయకు. ఎవలు అడిగిండ్రో గూడ రాయకు. బాలమణి వద్దన్నది. ఆమెది గూడ కలిపే అడుగు, ఒక్కటి ఇడిస్తె మిగిలినోళ్ళు దొరికినట్టే. కొన్నొద్దులు ఇటు రాకు. మా పనికి అడ్డం."

మూడుసార్లు విన్నాను.

రూలు తీసి చదివాను, నేను వాళ్ళకు చెప్పినట్టు గల్లీ మొత్తానికి ఒప్పుకోదు. ఎవరి జవాబు వాళ్ళే వెనక్కి అడగాలి. పేరు రాసి, వేలిముద్ర వేసి. ఓటు దాచుకోవడానికి ముందు పేరు బయటపెట్టాలి... ఈ రూలు రాసినవాళ్ళు ఎప్పుడైనా ఏ గల్లీలోనైనా నిలబడ్డారా? పైగా బాలమణి వద్దంది. వద్దన్న మనిషి కాగితం నేను వాపసు అడిగితే, ఆమె విషయంలో నేనూ వరుణ్ చేసిన పనే చేసినట్టు కాదా? వదిలేస్తే మిగతావాళ్ళు దొరికిపోతారు. పెద్దమ్మ చెప్పింది నిజం.

పొద్దుటి నుంచీ ఇక్కడే తిరుగుతున్నాను. డాబా మీద ఎండ ఈ గోడ నుంచి ఆ గోడకు పోయింది.

ఇంకో సంగతి. ఆ గల్లీ లేకపోతే నా థీసిస్‌లో మూడో అధ్యాయం లేదు. మిగతావాటికి అదే ఆధారం. ఆ అధ్యాయం చదివి మేడమ్ మొదటిసారి 'బ్యూటిఫుల్' అని రాశారు అంచున.

మార్చి 2

దారి ఒకటి కనిపించింది. ఎవరి తరఫునా అడగక్కర్లేదు. నా పని మీద నేనే ఫిర్యాదు చేసుకోవచ్చు.

రాసిన ఉత్తరం కీర్తన చదివి, "నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావక్కా," అంది. మళ్ళీ చదివి, "రెండో పేరాలో ఒక కామా ఎక్కువుంది," అంది. తీసేశాను.

పదకొండింటికి పంపాను. నందితా మేడమ్‌కు, సంస్థ నైతిక కమిటీకి కలిపి. ఇంగ్లీషులో పంపినదే ఇక్కడ నా మాటల్లో.

'మేడమ్, తెలుగు గల్లీలో ఇంటర్వ్యూలన్నీ చేసింది నేనొక్కదాన్నే. ఓటు రహస్యంగా ఉంటుందని ప్రతి మనిషికీ చెప్పాను. కాగితం వెనక నంబరు ఉందని ఒక్కరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంతమంది టిక్కు పెట్టేవారో నాకు తెలియదు, మీకూ తెలియదు. ఇలా తీసుకున్నవి జవాబులు కావు. ఈ ఇంటర్వ్యూలు చెల్లవని, చేసిన మనిషిగా నేను ప్రకటిస్తున్నాను. ఆ గల్లీలో ఏ ఒక్కరూ నన్ను ఇలా రాయమని అడిగారని గానీ, అడగలేదని గానీ నేను చెప్పను. కింద నా పేరు ఒక్కటే ఉంటుంది. వీటి మీద ఆధారపడిన నా మూడో అధ్యాయాన్ని కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ గల్లీ కాగితాలు, స్కాన్లు అన్నీ నాశనం చేయాలి. కమిటీ మనిషి ఎదురుగా, నేనూ ఉండగా. అది జరిగేదాకా వాటిని ఎవరి చేతా చదివించకూడదు. చదివే మనిషి 9న వస్తున్నారని తెలిసింది. కాబట్టి మార్చి 6 సాయంత్రంలోపు, అవుననో కాదనో, రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.'